ఆరో నంబరు స్తంభం

"ఈ కంచం తియ్యి. నాకు ఆకలి లేదు."

రహమతుల్లా ఈ మాట అన్నది భార్యతో. కంచం తెచ్చి ముందర పెట్టింది మాత్రం కూతురు సుమైరా. అన్నం మీద పప్పు పోసి, పక్కన పచ్చిమిరపకాయ తొక్కు వేసి, తండ్రికి ఇష్టమని ఉల్లిగడ్డ కూడా కోసి పెట్టింది.

"పొద్దున ఒక్క చాయ్ తాగినవు. ఆకలి ఎట్ల లేదు?" అంది మైమూనా.

"నువ్వు పెడితే తింట."

"నేను పెడితే విషమైతదా అబ్బా?" అంది సుమైరా.

రహమతుల్లా గోడకేసి చూశాడు. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో తండ్రి మాట కూతురికి చేరాలన్నా, కూతురి మాట తండ్రికి చేరాలన్నా మధ్యలో మైమూనా ఉండాల్సిందే. పోస్టుమ్యానుకైనా ఆదివారం సెలవుంటుంది, ఆమెకు అదీ లేదు.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ. కోపం వస్తే మాత్రం రహమతుల్లా తెలుగులోకి దిగుతాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపరు నడిపిన మనిషి, కోపానికి కావలసిన మాటలన్నీ అక్కడే నేర్చాడు. ఆయన తెలుగులోకి దిగితే ఇంటిల్లిపాదీ దిగాల్సిందే. ఈ ఎనిమిది రోజుల్లో సెంటినరీ కాలనీలోని ఆ క్వార్టరులో దక్కనీ మాట వినిపించనే లేదు.

"చెప్పు మైమూనా, నీ బిడ్డకు. రేపు పది గంటలకు ఎంక్వైరీ ఉంది. ఆమె ఇచ్చిన కాయితమే నా ముందర పెడ్తరు. దాని మీద ఆమె సంతకమే ఉంటది. తండ్రిని పట్టిచ్చిన బిడ్డ చేతి అన్నం తండ్రి ఎట్ల తింటడు?"

"అమ్మీ, నువ్వే చెప్పు. సారు మ్యాపు అడిగిండు, ఇచ్చిన. సంతకం పెట్టుమన్నడు, పెట్టిన. నా డ్యూటీ గది. నేనేమన్న గీసిన్నా దాన్ని? స్తంభాలు చూస్తయి, కంప్యూటరు గీస్తది."

"స్తంభాలు!" రహమతుల్లా లేచి నిలబడ్డాడు. "మనిషి మాటకన్న ఇనుప కట్టె మాట ఎక్కువైంది. నేను నా ఎడమ పక్కనే ఉన్న. ఖుదా కసం. గీత దాటలే."

ఆయన ముందుగదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. కంచం అలాగే ఉంది.

మైమూనా కూతురి ముఖంలోకి చూసింది. సుమైరా కళ్ళు నిండి ఉన్నాయి గానీ కారలేదు. తండ్రి మొండితనంలో సగం ఆ పిల్లకు వచ్చింది, మిగతా సగం అసలు మనిషి దగ్గరే ఉంది.

జరిగింది మైమూనాను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పోయిన మంగళవారం మొదటి షిఫ్టు. గని లోపల పొగమంచు, అరచెయ్యి కనిపించడం లేదు. రహమతుల్లా ఇరవై ఏడో నంబరు డంపరు బొగ్గుతో పైకి వస్తోంది. ఎదురుగా సర్వే వాళ్ళ జీపు దిగుతోంది. మలుపు దగ్గర జీపు ఉన్నట్టుండి తిరగబడి పక్కనున్న కాలువలో పడింది. జీపు నడిపే జైపాల్‌కు కాలు రెండు చోట్ల విరిగింది. "పెద్ద లైట్లు మీదికి వచ్చినయి సార్, తప్పుకోబోయి పడ్డ," అని అతను చెప్పాడు. డంపరు తన దారిలో ఉందా, జీపు దారిలోకి వచ్చిందా అన్నది మంచులో చూసిన వాళ్ళు లేరు.

చూసినవి రాడార్ స్తంభాలే. ఈ ఏడాదే రోడ్డు పొడుగునా పదకొండు నిలబెట్టారు. మంచులో, దుమ్ములో, కంటికి కనిపించనప్పుడు కూడా ఏ బండి ఎక్కడుందో అవి కనిపెట్టి కంట్రోల్ రూముకు చెబుతాయి. ఆ కంట్రోల్ రూములోనే సుమైరాకు ఉద్యోగం. ఉద్యోగం వచ్చిన రోజు రహమతుల్లా కాలనీ అంతా మిఠాయి పంచాడు. "ఇగ నేను ఏడున్నా నా బిడ్డ చూస్తనే ఉంటది," అని మురిసిపోయాడు.

బిడ్డ చూసింది. ఇరవై ఏడో నంబరు చుక్క, మలుపు దగ్గర, జీపు దారిలో నాలుగు మీటర్లు లోపలికి.

రేపు ఎంక్వైరీలో అదే ఖాయమైతే రహమతుల్లా ఉద్యోగం పోతుంది. అంతకంటే, ఒక మనిషి కాలు విరగ్గొట్టి అబద్ధమాడాడన్న పేరు మిగులుతుంది. రెండోదానికే ఆయన కుమిలిపోతున్నాడు.

మైమూనా మనసులో ఇంకో ముల్లు ఉంది, ఎవరికీ చెప్పనిది. ప్రమాదానికి ముందు రోజు, సోమవారం సాయంత్రం దగ్గర్లోని జైపూర్‌లో తన తమ్ముడి కొడుకు నిఖా జరిగింది. తిరిగి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. రహమతుల్లా మూడు గంటలు కూడా నిద్రపోకుండా డ్యూటీకి వెళ్ళాడు. వద్దంటే వినలేదు. స్టీరింగు ముందు ఒక్క క్షణం కునుకు పట్టి ఉంటే? ఆయనకే తెలియకుండా బండి అటు జరిగి ఉంటే?

ఆ మాట పైకి అనలేదు. మనసులో నుంచి తీసెయ్యనూ లేదు.

"నువ్వు తిన్నవా?" అని కూతురిని అడిగింది.

"ఏం తింటనమ్మీ, గిట్ల ఉంటే."

"ఒక మాట చెప్పు. ఆ స్తంభాలు తప్పు చెప్పయా?"

సుమైరా ముక్కు చీదుకుంది. ఎనిమిది రోజుల్లో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ కోపం లేకుండా అడగలేదు.

"ఒక స్తంభం, బండి నాకు నలభై మీటర్ల దూరంల ఉందంటది. ఇంకోటి, నాకు అరవై మీటర్లంటది. రెండు కలిపితే బండి ఏడ ఉందో తేలుతది. మూడోది కూడ చూస్తే ఇంక పక్కా. ఆ మలుపు కాడ మూడోదానికి మట్టిగుట్ట అడ్డం. ఐదో నంబరు, ఆరో నంబరు, గవి రెండే చూస్తయి. దూరం మాత్రం తప్పు చెప్పవమ్మీ. నేను రెండింటిని మల్ల చెక్ చేసిన. మంచిగనే ఉన్నయి."

అంతలో సైరన్ మోగింది. గనిలో పేలుడుకు ముందు మోగే సైరన్ అది. కాలనీలో ఆ కూత వింటే గడియారం చూడక్కర్లేదు, రెండున్నర.

మైమూనా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. గోడకున్న అర మీద ఆరు గాజు గిన్నెలున్నాయి, చెల్లెలు ఈద్ పండక్కి పెట్టినవి. మొదట్లో ఏడుండేవి. ఒకసారి పేలుడుకు ఇల్లు అదిరి ఒకటి కిందపడి ముక్కలైంది. అప్పటి నుంచి సైరన్ మోగగానే ఆరింటినీ దించి బొంత మీద పెట్టడం, దుమ్ము సద్దుమణిగాక మళ్ళీ పైన పెట్టడం ఆమెకు నమాజు అంత అలవాటైంది. కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది.

మూడో గిన్నె దించుతూ మైమూనా ఆగింది.

"బేటా, పేల్చేటప్పుడు ఆ స్తంభాలను ఏం చేస్తరు?"

"ఏం చేస్తరంటే?"

"రాళ్ళు పడితే పలుగుతయి గద. మోటర్లు, కేబుళ్ళు, లైటు స్తంభాలు అన్ని ఎనక్కి గుంజుతరని మీ అబ్బా చెప్తడు."

"దగ్గరున్నయి గుంజుతరు. కింద పాత టైరుల కాంక్రీటు పోసి నిలబెట్టినం గద, డోజరుతోని తీసుకపోతరు. అయిపోయినంక మల్ల పెడ్తరు."

"ఏడ పెడ్తరు?"

"ఉన్న కాడనే."

మైమూనా అర వైపు చూపించింది. గిన్నెలు తీసిన చోట దుమ్ములో గుండ్రటి గుర్తులున్నాయి. ఒక్కో గిన్నెకు ఒకటి కాదు, నాలుగు, ఐదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని బెత్తెడు పక్కకు జరిగి.

"నేను కూడ దినాం ఉన్న కాడనే పెడ్త," అంది.

సుమైరా ఆ గుర్తులను చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఇల్లంతా ఒక్కసారి అదిరింది, కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఆ పిల్లకు అదేమీ పట్టలేదు.

"అమ్మీ... కంప్యూటరుకు ఆరో నంబరు ఏడ ఉందో మొదట్ల ఒక్కసారే చెప్పినం. అది గక్కడనే ఉందనుకొని గీస్తది. ప్రమాదం ముందటి దినం, సోమవారం, గా మలుపు పక్కన్నే పేల్చిండ్రు."

"అయితే?"

సుమైరా చున్నీ చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, స్కూటీ తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

"ఏమైంది ఆమెకు?" ముందుగదిలోంచి రహమతుల్లా అడిగాడు.

"తెల్వది," అంది మైమూనా. నిజంగానే ఆమెకు సగమే తెలుసు, ఆ సగం చెబితే ఆశ పుట్టించినట్టవుతుందని భయపడింది. ఆశ పుట్టి చస్తే మనిషి తట్టుకోలేడు.

ఆయన వచ్చి చల్లారిన కంచం ముందు కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. కూతురు కోసిన ఉల్లిగడ్డ కూడా తిన్నాడు. మైమూనా చూడనట్టు ఉంది.

"నువ్వు నమ్మినవా?" ఉన్నట్టుండి అడిగాడు.

"ఏది?"

"కాయితం. నేను గీత దాటిననని. ఎనిమిది రోజులాయె, కాలనీల అందరు ఏదో ఒకటి అన్నరు. నువ్వు ఒక్కదానివే ఏమనలే."

మైమూనా గ్లాసులో నీళ్ళు పోసింది. నీళ్ళు పొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? ఆమెకు అంతకంటే ఎక్కువసేపే పట్టింది.

"నమ్మలే," అంది.

రహమతుల్లా ఆమెను చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురం, ఆలస్యమైన జవాబుకు అర్థం తెలియదా? లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఐదు దాటింది. గేటు దగ్గర స్కూటీ ఆగిన చప్పుడైంది. సుమైరా వెనకాల పక్కింటి సదయ్య దిగాడు. డోజరు ఆపరేటరు, రహమతుల్లాకు షిఫ్టు దోస్తు. రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. ఇద్దరి మోకాళ్ళ దాకా బురద, సదయ్య నెత్తి మీద హెల్మెట్ కూడా తియ్యలేదు.

లోపలికి వస్తూనే సదయ్య చేతులు జోడించాడు.

"రహమత్ భాయ్, నన్ను చెప్పుతోని కొట్టు. వదినె, నువ్వన్న కొట్టు."

"ఏమైంది సదన్నా?" రహమతుల్లా కంగారుగా లేచాడు.

"నేనే పెట్టిన. సోమవారం సాయంత్రం. పేల్చుడు అయినంక ఆరో నంబరు స్తంభం మల్ల నేనే తెచ్చి పెట్టిన. ఉన్న కాడ పెడితే నీ డంపరు మలుపుకు అడ్డమైతదని, జర లోపటికి పెట్టిన. లైటు స్తంభం ఏడ పెట్టినా వెలుగే ఇస్తది గద, ఇది కూడ గంతే అనుకున్న! దీనికి అడ్రసు ఉంటదని నాకు ఎవడన్న చెప్పిండా?"

రహమతుల్లాకు అర్థం కాలేదు. కూతురి వైపు చూశాడు, అలవాటు కొద్దీ మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

సుమైరా తల్లికే చెప్పింది. "పదకొండు మీటర్లు జరిగిందమ్మీ. ప్రమాదం అయిన జాగ కదపొద్దని ఆ రోడ్డు బంద్ పెట్టిండ్రు గద, స్తంభం గట్లనే ఉంది. నన్ను మ్యాపు అడిగిన వేణుమాధవ్ సారే వచ్చి టేపు పట్టి కొలిచిండు. స్తంభం అసలు ఏడ ఉందో కంప్యూటరుకు చెప్పి మల్ల లెక్క కట్టిన. అబ్బా చుక్క అబ్బా దారిలనే ఉంది. గీతకు ఇవతల. మంచిగ ఇవతల."

రహమతుల్లా నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో ఆయనకే తెలియదు. సదయ్యను గట్టిగా కావలించుకున్నాడు, హెల్మెట్ ఎగిరి కిందపడింది.

"షుకర్, షుకర్," అంది మైమూనా. గుండెల మీది నుంచి బండరాయి దొర్లిపోయినట్టైంది. ఆయన నిద్రపోలేదు. ఆయన దాటలేదు. ఎనిమిది రోజుల తర్వాత ఆమె ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

"ఇంకొక్క పని ఉంది," అన్నాడు సదయ్య కళ్ళు తుడుచుకుంటూ. "వేణుమాధవ్ సారు ఏమంటడంటే, స్తంభం ప్రమాదం అయినంక జరిగిందేమో, ముందటి దినమే జరిగిందని ఎవరు చెప్తరు అంటడు. నేను చెప్త అన్న. రాసియ్యుమన్నడు. బిడ్డా, రాయి. ఏడ పెట్టుమంటే ఆడ సంతకం పెడ్త. నా తప్పుకు నా దోస్తు ఎందుకు పోవాలె?"

"నీకేం కాదా?" అంది మైమూనా.

"ఏమైతది? మందలిస్తరు. ఓ కాయితం ఇస్తరు. తీసుకుంట!"

అంతా నవ్వారు. ఎన్నాళ్ళకో ఆ గదిలో నవ్వు. రహమతుల్లా కూతురి వైపు చూశాడు, పెదవి కదిలింది, మాట రాలేదు. మొన్నటిదాకా కోపం ఆపింది, ఇప్పుడు సిగ్గు ఆపుతోంది. సుమైరా మాత్రం నవ్వలేదు. తల వంచుకుని రాస్తోంది. రాసింది అక్కడే పెట్టి, చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

మైమూనా వెనకాలే వెళ్ళింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి, పొయ్యి వెలిగించలేదు.

"సంతోషం లేదా నీకు?"

"ఉందమ్మీ."

"గిది సంతోషం ఉన్న ముఖమా?"

సుమైరా సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. రోడ్డు బొమ్మ, దాని మీద రెండు చుక్కలు.

"ఇది అబ్బా. ఇది జీపు. స్తంభం జరిగినందుకు అబ్బా చుక్క ఒక్కటే తప్పు రాలేదు. జీపు చుక్క కూడ తప్పే వచ్చింది. మొదటి మ్యాపుల జీపు రోడ్డు కొసకు ఉండె. అబ్బా ఎదురొస్తే కొసకు పోయి పడ్డడని అందరు అనుకున్నరు. ఇప్పుడు రెండు చుక్కలు ఇటు జరిగినయి. చూడు, జీపు ఏడ ఉంది?"

మైమూనాకు మ్యాపులు చదవడం రాదు. కానీ గీత ఎటు, చుక్క ఎటు అన్నది తెలియడానికి చదువు అక్కర్లేదు. జీపు చుక్క నడిమి గీత దాటి, రహమతుల్లా దారిలో, ఆయనకు ఎదురుగా ఉంది.

"జైపాల్ తప్పా?"

"గీత దాటింది జైపాలే. ఎదురుంగ లైట్లు చూసి, తన దిక్కు మల్ల తిప్పబోయి కాలువల పడ్డడు."

జైపాల్ ఎవరో మైమూనాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సదయ్య భార్య సారక్కకు సొంత తమ్ముడు. తల్లి పోతే సారక్కే పెంచింది. జీపు నడిపే పని కూడా సదయ్యే బతిమాలి పెట్టించాడు. కాంట్రాక్టు పని, తప్పు తేలితే మర్నాడే తీసేస్తారు.

"సదయ్యకు తెలుసా?"

"తెల్వది. నేను లెక్క కట్టేటప్పుడు ఆయన బయటనే ఉండె. కాయితం నేను చూపియ్యలే. అమ్మీ, ఆయన ఆడ నవ్వుకుంట కూసున్నడు. తన బామ్మర్ది మీదికి తనే సంతకం పెడ్తున్నడని తెల్వది."

మైమూనా ముందుగది వైపు చూసింది. ఇద్దరు మగవాళ్ళు హాయిగా మాట్లాడుకుంటున్నారు. ఎనిమిది రోజుల తర్వాత తన మనిషి గొంతులో ప్రాణం ఉంది. ఒక్క సంతకం. పది అక్షరాలు కూడా ఉండవు.

ఆమె గొంతు తగ్గించింది. "పెట్టనియ్యి. పెట్టినంక చెప్దాం."

"అమ్మీ!"

"అబద్ధం కాదు గద. స్తంభం జరిగింది నిజమే గద. ఒక్క గంట ఆగి చెప్తే ఏమైతది? రేపు మీ అబ్బా..."

"బోల్, బేటీ."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వంటింటి గుమ్మంలో రహమతుల్లా. చెప్పు బిడ్డా అని, ఎనిమిది రోజుల తర్వాత కూతురితో మొదటి మాట, అదీ దక్కనీలో. సుమైరా దాచుకున్న కన్నీళ్ళన్నీ అప్పుడు కారాయి. కాగితం తండ్రికి ఇచ్చి, ఏడుస్తూనే మొత్తం చెప్పింది.

ఆయన చాలాసేపు ఆ రెండు చుక్కలనూ చూశాడు. తన చుక్క మీద వేలు పెట్టాడు, తన దారిలోనే ఉంది. వేలు తీసి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"నా బిడ్డ చూసింది," అన్నాడు. "నాకు గిది చాలు. ఇప్పుడు సదన్నకు చెప్పాలె. సంతకం పెట్టకముందే చెప్పాలె."

"ఆయన పెట్టకపోతే?" మైమూనా ఆయన చెయ్యి పట్టుకుంది. "పెట్టకపోతే రేపు నీ ఉద్యోగం పోతది."

"తెల్వకుండ పెట్టించుకుంటే గోడ అవతలి మనిషికి ముఖం ఎట్ల చూపియ్యాలె? నేను గీత దాటలే మైమూనా. ఇప్పుడు దాటుమంటవా?"

ఆమె చెయ్యి వదిలేసింది.

సుమైరా ముందుగదిలో సదయ్య పక్కన కూర్చుంది. "కాకా, ఇది చూడు," అని మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్క మాట దాచకుండా చెప్పింది. సదయ్య ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. అర్థమయ్యేదాకా అలాగే ఉండి, తర్వాత పోయింది.

"జైపాల్ మీదికి పోతదా?" అన్నాడు.

సుమైరా తల ఊపింది.

"సదన్నా," అన్నాడు రహమతుల్లా. "పెట్టకపోతే నాకు కోపం లేదు. ఖుదా కసం, లేదు. నువ్వు స్తంభం జరిపినవు, నేను దాటలేదు, నీకు తెలుసు. ఇంటి మటుకు నాకు గంతే కావాలె."

సదయ్య పెన్ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. కాగితం మీద రాత చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఏందట్ల కూసున్నరు అందరు, పీనుగ లేచినంక కూసున్నట్టు?"

సారక్క. చేతిలో టిఫిను డబ్బా, తమ్ముడికి దవాఖానకు తీసుకువెళ్ళేది. గడప బయట నిలబడింది. "బస్సుకు టైమైంది, మనిషి ఎటు పోయిండో అని చూస్తున్న. ఏం కాయితం అది?"

సదయ్య ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. స్తంభం తను జరిపిన సంగతి, చుక్కలు మారిన సంగతి, సంతకం పెడితే ఎవరు బయటపడతారో, ఎవరు ఇరుక్కుంటారో.

సారక్క అరుస్తుందనుకుంది మైమూనా. శాపనార్థాలు పెడుతుందనుకుంది. సారక్క డబ్బాను గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టు," అంది.

"ఏందే?"

"సంతకం పెట్టు. వాని ప్రాణం దక్కింది, గది చాలు. కాలు అతుకుతది. పని పోతే ఇంకో పని." ఆమె మైమూనా వైపు తిరిగింది. "అక్కా, వాడు నాకు చెప్పిండు. 'నా పక్క బురదగుంతలున్నయని అవతలి దిక్కు నడిపిన అక్కా, తప్పు నాదే' అని. రెండో దినమే చెప్పిండు. ఎవ్వలకు చెప్పకురా అని నేనే వాని నోరు మూపిచ్చిన."

సదయ్య భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత వంగి సంతకం పెట్టాడు. కాగితం మీద పెన్ను గీరిన చప్పుడు అందరికీ వినిపించింది. రహమతుల్లా కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. సుమైరా తండ్రి భుజం మీద తల పెట్టింది.

రేపటి గండం గడిచింది. దాని వెంటే మైమూనాకు ఇంకొకటి గుర్తొచ్చింది.

రెండో దినం. ఆ దినం సారక్క ఈ ఇంట్లోనే కూర్చుని, తన కొంగుతో మైమూనా కళ్ళు తుడిచింది. "నీ మనిషి మీద నమ్మకం పెట్టుకో అక్కా," అంది. మూడో దినం కూర వండి తెచ్చింది. నాలుగో దినం మైమూనా ఉపవాసం ఉంటే తనూ ఉంది. అన్నీ తెలిసి.

కోపం వచ్చింది. కానీ అరగంట కిందట వంటింట్లో గొంతు తగ్గించి "పెట్టినంక చెప్దాం" అన్నది ఎవరు? ఎనిమిది రోజులు పక్కనే పడుకుని, తన మనిషిని అనుమానించింది ఎవరు?

సారక్క గడప బయటే నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టడం లేదు, వెళ్ళడమూ లేదు. కాలనీ రోడ్డు మీద దవాఖాన బస్సు హారను కొట్టింది, వెళ్ళిపోయింది.

మైమూనా గడప దాకా నడిచింది.

"లోపటికి రా, సారక్కా," అంది. తిట్టడానికో, కలిసి ఏడవడానికో ఆమెకే ఇంకా తెలియదు.